సీ బుక్కులో పిన్ని పేరు

ఇంటి పెద్ద కాలం చేశాక చుట్టాలు అడిగే ప్రశ్నలకి ఒక వరస ఉంటుంది, మీరెప్పుడైనా గమనించారో లేదో. మొదటిరోజు "ఎలా జరిగింది?" అంటారు. మూడోరోజుకి "పిల్లలందరూ అందుకున్నారా?" అంటారు. పన్నెండో రోజు దాటి, వంటవాళ్ళ లెక్కలూ బ్రాహ్మల సంభావనలూ తేలాక, ఎవరో ఒక పెద్దాయన వక్కపలుకు నములుతూ పొలం సంగతీ బ్యాంకు సంగతీ కదుపుతాడు. అన్నీ అయి, ఇక వెళ్ళొస్తామని చెప్పులు తొడుక్కుంటూ, వాకిట్లో ఉన్న కారుని చూసి, "అన్నట్టు ఆ బండి ఎవరి పేరుమీద ఉందమ్మా?" అంటాడు.

చాలా ఇళ్ళల్లో ఆ ప్రశ్నకి ఒకటే జవాబు. పోయినాయన పేరుమీదే.

మా బాబాయి 1991 శ్రావణమాసంలో పోయినప్పుడూ అంతే అయింది. బాబాయికి ఒక నల్ల అంబాసిడరు ఉండేది. ఆదివారం పొద్దున్నే పంచె పైకి కట్టి బాబాయి దాన్ని కడుగుతుంటే, పిల్లలం చుట్టూ చేరి బక్కెట్లు అందించేవాళ్ళం. ముందుసీటు పిన్నిది. అందులో ఇంకెవరూ కూర్చోవడానికి వీల్లేదు, మా మామ్మ అయినా సరే. బాబాయి పోయాక ఆ కారు ఏడాదిపాటు పందిరికింద అలాగే ఉండిపోయింది. దాని కథ చెప్పేముందు, అసలు కారుకి ఒక పేరు రాయించే పద్ధతి ఎలా వచ్చిందో, పోయినవారి కారు ఉన్నవారి చేతికి ఎలా వస్తూ వచ్చిందో కాస్త చెప్పుకుందాం. ఇదేదో మగవాళ్ళ గొడవ అని పేజీ తిప్పెయ్యకండి. ఇందులో మన సంగతే ఎక్కువ ఉంది.

తెలుగుగడ్డ మీద తండ్రి కారు కొడుక్కి వచ్చిన ముచ్చట్లలో బాగా పేరు పడ్డది హైదరాబాదులో జరిగింది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ 1911లో ఇంగ్లండులోని రోల్స్ రాయిస్ కంపెనీకి ఒక కారు పురమాయించాడు. పసుపుపచ్చ రంగు, లోపల వెనకసీటు సింహాసనంలాగా ఎత్తుగా, నవాబుగారు ఊరేగితే జనానికి కనపడేలాగా. తీరా ఆ కారు హైదరాబాదు చేరకముందే, ఆ ఏడు ఆగస్టు 29న, నిజాం కన్నుమూశాడు. ముచ్చటపడి చెప్పించుకున్నది తండ్రి, అందుకున్నది కొడుకు మీర్ ఉస్మాన్ అలీఖాన్. ఆ కారు మొత్తం మీద నాలుగు వందల మైళ్ళు కూడా తిరగలేదని చెబుతారు. ఉస్మాన్ అలీఖాన్ 1967లో పోయాక వారసత్వం మనవడు ముకర్రమ్ జాకి వచ్చింది. దానితోబాటే వేలాది నౌకర్లూ, బంధువుల వ్యాజ్యాలూ, కదలని కార్లూ వచ్చిపడ్డాయి. చౌమహల్లా ప్యాలెస్ పాడుపడిపోతుంటే, చాలా ఏళ్ళ తరవాత తిరిగివచ్చి దగ్గరుండి బాగుచేయించింది ముకర్రమ్ జా మొదటి భార్య ఎస్రా. ఆ పచ్చకారు ఇప్పుడు ఆ ప్యాలెస్‌లోనే, సందర్శకులు చూడటానికి నిలిపి ఉంది.

నవాబుల ఇంట్లో కారు చేతులు మారాలంటే ఏ కిటికీ దగ్గరా వరసలో నిలబడక్కర్లేదు. ఆ బాధ మనబోటి వాళ్ళకే.

మన కోస్తా, సీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు రాజధానిలో ఉండేవి. మద్రాసు నగరంలో కార్లకి నంబర్లు వేసినప్పుడు ఎం.సి.1 అనే మొట్టమొదటి నంబరు సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్‌గారి కారుకి దక్కిందంటారు. ఆయన మద్రాసు పోర్టు ట్రస్టుకి పెద్ద. 1912లో గణితమేధావి రామానుజన్ గుమాస్తాగా చేరింది ఆ ఆఫీసులోనే. దొరగారికి కారూ నంబరూ ఉంటే, మన రామానుజన్‌కి ఉన్నవన్నీ వట్టి నంబర్లే!

దేశం మొత్తానికి వర్తించే మోటారు చట్టం 1914లో వచ్చింది. కారు ఉన్నవాళ్ళు దాన్ని సర్కారు పుస్తకంలో రాయించుకోవాలన్నారు. మనకి ఇది కొత్త సంగతి. అంతకుముందు తాతగారి ఎడ్లబండి తండ్రికీ, తండ్రి బండి కొడుక్కీ వచ్చేసేది. దానికి పుస్తకం లేదు, ముద్ర లేదు. కాడి ఎవరు ఎత్తితే బండి వాళ్ళది. మోటారుకి అలా కుదరదు. అది మనిషిని గుద్ది, దుమ్ము రేపుకుంటూ నిమిషంలో ఊరు దాటిపోగలదు. ఎవరి బండో తెలియాలంటే వెనక నంబరుండాలి, ఆ నంబరు ఎదురుగా పుస్తకంలో ఒక పేరుండాలి. కారు దర్జా ప్రకటించుకోవడానికి కాదు, కారువల్ల కీడు జరిగితే జవాబు చెప్పే మనిషి దొరకాలనే పేరు రాయించారు. ఈ ముక్క కొంచెం గుర్తుపెట్టుకోండి.

1939లో ఇంకా వివరమైన చట్టం వచ్చింది. బండి చేతులు మారితే ఆ సంగతి ఆఫీసుకి తెలియజెయ్యాలనీ, కొత్త యజమాని పేరు సర్టిఫికెట్టులో ఎక్కించుకోవాలనీ దాని 31వ సెక్షను చెప్పింది. ఆ సర్టిఫికెట్టునే మనవైపు సీ బుక్కు అంటాం. పాతకాలపు సీ బుక్కు చూశారా మీరు? చిన్న పుస్తకం, లోపల పేజీల్లో ఒకరి తరవాత ఒకరు యజమానుల పేర్లు, పక్కన గుండ్రటి ముద్రలు. అచ్చంగా వంశవృక్షమే. 1946 జూలై 1 నుంచి రోడ్డెక్కే బండికల్లా ఎదటివారి నష్టానికి బీమా ఉండాలన్న నిబంధన కూడా అమల్లోకి వచ్చింది. అంటే పేరు ఒక తాడు, బీమా ఒక తాడు. ఈ రెండు తాళ్ళతో కారుని మనిషికి కట్టేశారు. మనిషి బతికున్నన్నాళ్ళూ ఏ చిక్కూ లేదు. పోయాక ఆ తాళ్ళు ఎవరికి కట్టాలన్నదే ప్రశ్న.

అసలు కారు మీద భార్యకి హక్కుందా? ఈ ప్రశ్న మా పిన్ని అత్తగారి కాలంలో ఎవరూ అడగను కూడా లేదు. భర్త పోతే ఆస్తి కొడుకులది. కొడుకుల దయ ఉంటే తల్లికి అన్నం, లేకపోతే మనోవర్తి కోసం కోర్టు. 1937లో వచ్చిన చట్టం హిందూ వితంతువుకి భర్త ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది గానీ, బతికున్నంతకాలం అనుభవించడానికే. ఇష్టం వచ్చినట్టు అమ్ముకోవడానికి లేదు. పొలానికి ఆ హక్కు ఉంటే ఏదో అనుకోవచ్చు, జీవితాంతం పండించుకు తింటుంది. కారుకి ఆ హక్కేమిటో, దాంతో ఆవిడ ఏం చేసుకోవాలో!

స్వతంత్రం వచ్చాక హిందూ కోడ్ బిల్లు మీద ఎంత రభస జరిగిందో పెద్దవాళ్ళకి తెలుసు. ఆ బిల్లు ముందుకు సాగనందుకే అంబేద్కర్ 1951లో మంత్రి పదవికి రాజీనామా ఇచ్చారు. ఆడవాళ్ళ ఆస్తిహక్కు కోసం ఆ రోజుల్లో గొంతెత్తినవారిలో మన దుర్గాబాయమ్మగారు ఉన్నారు. చివరికి 1956 జూన్ 17న హిందూ వారసత్వ చట్టం అమల్లోకి వచ్చింది. వీలునామా రాయకుండా మగవాడు పోతే, అతని సొంత సంపాదనలో భార్యకీ, కొడుకులకీ, కూతుళ్ళకీ, తల్లికీ తలా ఒక సమానమైన వాటా. పైగా ఆడదాని చేతికి వచ్చిన వాటా పూర్తిగా ఆవిడదే, అనుభవించి వదిలెయ్యడానికి మాత్రమే కాదు.

తల్లి అన్నమాట చాలామంది మరిచిపోతారు. కొడుకు ఆస్తిలో కోడలికెంతో అత్తగారికీ అంతే. వంటింట్లో ఎన్ని గజాల దూరం పాటించినా, చట్టం మాత్రం అత్తాకోడళ్ళని ఒకే బల్లమీద పక్కపక్కన కూర్చోబెట్టింది! మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి వాటా ఇచ్చింది. అది 2005లో దేశమంతటికీ వచ్చింది. కానీ తండ్రి తన జీతంతో కొన్న కారులో కూతురి వాటాకి అంతదాకా ఆగక్కర్లేదు. అది 1956 నుంచీ ఉంది. ముస్లిముల ఇళ్ళల్లో పిల్లలున్న భార్యకి ఎనిమిదో వంతు, కూతురికి కొడుకు వాటాలో సగం. క్రైస్తవుల ఇళ్ళల్లో 1925 నాటి చట్టం ప్రకారం పిల్లలుంటే భార్యకి మూడో వంతు. లెక్కలు వేరైనా, భార్య లేని లెక్క మాత్రం ఎక్కడా లేదు.

"కారులో వాటా ఏమిటమ్మా, స్టీరింగు ఒకరికీ చక్రాలు ఒకరికీనా?" అని మీరు నవ్వచ్చు. ఆ రోజుల్లో కారంటే నవ్వులాట కాదు. ఉన్నవి అంబాసిడరు, ఫియట్టు, స్టాండర్డు. డబ్బు కట్టి పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురు చూడాలి. 1959లో కేంద్రం కార్ల అమ్మకం మీద ఒక ఉత్తర్వు తెచ్చింది. కొత్త కారు కొన్నవాడు రెండేళ్ళదాకా అనుమతి లేకుండా దాన్ని అమ్మకూడదు. ఎందుకంటే షాపులోంచి బయటికి వచ్చిన మరుక్షణం కారు ధర పెరిగేది. కొత్తదానికన్నా వాడినదానికి ఎక్కువ ధర పలికిన విచిత్రమైన కాలం అది. అటువంటప్పుడు తండ్రి కారు అంటే ఒక ఎకరం మాగాణి కింద లెక్క. 1983 డిసెంబరులో మారుతీ కారు వచ్చాకే ఈ కరువు నెమ్మదిగా తీరింది. బాబాయి అంబాసిడరు కరువు రోజుల నాటిదే. పిన్ని పుట్టింటివాళ్ళు పెట్టిన చంద్రహారం బ్యాంకులో పెట్టి మరీ కొన్నాడట. సీ బుక్కులో మాత్రం బాబాయి పేరే. చంద్రహారం పేరు రాసుకోవడానికి అందులో గడి లేదుగా!

ఇప్పుడు చట్టానికి వద్దాం. 1939 నాటి చట్టాన్ని తీసేసి 1988లో ఇప్పుడున్న మోటారు వాహనాల చట్టం చేశారు. 1989 జూలై 1న అమల్లోకి వచ్చింది. అందులో 50వ సెక్షను, దాని కింద చేసిన నియమాల్లో 56వది, యజమాని చనిపోతే ఏం చెయ్యాలో విడమరిచి చెబుతాయి. వారసులు 30 రోజుల్లోగా ఆఫీసుకి చావు సంగతి తెలియజేసి, బండి తామే వాడుకుంటామని చెబితే, మూడు నెలలదాకా వాడుకోవచ్చు. ఆ మూడు నెలల్లోగా ఫారం 31 నింపి, సీ బుక్కూ, బీమా కాయితం, మరణ ధ్రువపత్రం జతచేసి, రుసుము కట్టి పేరు మార్పించుకోవాలి. వాటితోబాటు కుటుంబ సభ్యుల ధ్రువపత్రమూ, మిగతా వారసులు తమకి అభ్యంతరం లేదని స్టాంపు కాయితం మీద రాసిచ్చే పత్రాలూ అడుగుతారు. అప్పు ఉంటే అప్పిచ్చినవారి అంగీకారమూ కావాలి. బీమా పాలసీలో కూడా ఇలాంటి ఏర్పాటే ఉంది. యజమాని పోగానే పాలసీ రద్దయిపోదు. పోయిన రోజు నుంచి మూడు నెలలో, లేక పాలసీ గడువు తీరేదాకానో, ఏది ముందైతే అంతవరకు నిలుస్తుంది. ఆలోపు వారసులు తమ పేరుకి మార్చుకోవాలి.

చూడటానికి సబబుగానే ఉంది. కానీ చావు వచ్చిన ఇంట్లో గడియారం వేరే తిరుగుతుంది. పదో రోజు, పదకొండు, పన్నెండు, ఆ తరవాత నెలనెలా మాసికం, ఏడాదికి ఆబ్దికం. ఆ ఏడాదంతా భర్త పోయిన మనిషి గడప దాటకూడదనేవారు. పేరంటాలకి మాట దేవుడెరుగు, ఎదురు వస్తేనే అపశకునమన్న రోజులు. అటువంటి మనిషిని పట్టుకుని చట్టం 30 రోజులకి ఒక గంట కొడుతుంది, మూడు నెలలకి ఇంకో గంట కొడుతుంది. ఏ గంటా ఆవిడ చెవిని పడదు. పడినా, లేచి వెళ్ళనిచ్చేదెవరు? చట్టం చేసినవాళ్ళకి మాసికాలు తెలియవు, మాసికాలు పెట్టించేవాళ్ళకి చట్టం తెలియదు. మధ్యలో నష్టపోయేది ఆ మనిషే.

మా పిన్నికి అదే జరిగింది. బాబాయి పోయిన మూడో నెలలో కారు బీమా గడువు తీరిపోయింది. ఏటేటా దాన్ని కట్టేది బాబాయి. ఫలానా తేదీకి కట్టాలని పిన్నికి ఎవరూ చెప్పలేదు, ఆవిడ ఎవరినీ అడగలేదు. ఆరో మాసికం నాడు సామాన్లు తేవడానికని మా పెద్ద తమ్ముడు కారు బయటికి తీశాడు. బజారు మలుపులో ఒక సైకిలు కుర్రాడికి తగిలింది. దేవుడి దయవల్ల ప్రాణానికేం కాలేదు గానీ కాలు విరిగి సిమెంటు కట్టు పడింది. పోలీసులు మొదట అడిగింది, "బండి ఎవరిది?" అని. తమ్ముడు, "మా నాన్నగారిది" అన్నాడు. "ఆయన్ని రమ్మనండి" అన్నారు.

ఆ కుర్రాడి ఆసుపత్రి ఖర్చూ, మూడు నెలలు పనిలోకి వెళ్ళలేకపోయినందుకు వాళ్ళమ్మ చేతికిచ్చిన డబ్బూ పిన్ని చేతి గాజులు రెండు మింగేశాయి. పిన్ని గాజుల గురించి ఎప్పుడూ బాధపడలేదు. "వాడి కాలికి ఏమన్నా అయితే నేను ఏ గాజులు పెట్టి తీర్చేదాన్నే?" అనేది.

సీ బుక్కులో పేరు ఎంత బరువైనదో 2018 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు మరోసారి చెప్పింది. అమ్మినవారూ కొన్నవారూ చేతులు మారుస్తూ పోయిన ఒక కారు ప్రమాదం చేస్తే, పుస్తకంలో ఇంకా ఎవరి పేరు నిలిచి ఉందో ఆయనే యజమాని, జవాబు ఆయనే చెప్పుకోవాలంది. "నేనెప్పుడో అమ్మేశాను" అంటే కుదరలేదు. అమ్మినవాడి సంగతే ఇలా ఉంటే, పోయినవాడి పేరుమీద బండిని తిప్పడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. జవాబు చెప్పడానికి ఆయన రాలేడు. దెబ్బతిన్నవాడికి దిక్కెవరు? అందుకే ఇందాక ఆ ముక్క గుర్తుపెట్టుకోమన్నాను.

సంవత్సరీకాలు అయ్యాక పిన్ని ఆ పని తనే పూనుకుంది. మొదట ఇంట్లో పంచాయితీ. కారు పెద్దవాడి పేరున పెట్టాలా, చిన్నవాడి పేరున పెట్టాలా అని చుట్టాలు చర్చించారు. మా చెల్లెలి పేరు ఎవరూ ఎత్తలేదు. అసలు బాబాయి కూర్చోబెట్టి కారు నేర్పింది ఆ పిల్లకే. ఊరి చివర మామిడితోట రోడ్డుమీద, పావడా పరికిణీల వయసులో, దిండు వేసుకు కూర్చుని నేర్చుకుంది. ఆ పిల్ల అయినా, "అన్నయ్యలు ఎక్కడ చెబితే అక్కడ సంతకం పెడతానమ్మా" అంది. మన ఇళ్ళల్లో ఆడపిల్ల సంతకం ఎంత తేలిగ్గా దొరుకుతుందో! పెన్ను చేతికిచ్చేవాళ్ళుంటారు గానీ, "నీకేమైనా కావాలా?" అని ఒక్క మాట అడిగేవాళ్ళుండరు.

పిన్ని అందరి మాటలూ విని, "బండి నా పేరునే పెట్టించండి" అంది. "నీకు నడపడం రాదు కదా" అన్నాడు మా మేనమామ. "పొలం నా పేరున పెట్టినప్పుడు నాగలి పట్టడం వచ్చా అని అడిగారా?" అంది పిన్ని. ఆవిడ తెలిసి అందో తెలియక అందో గానీ చట్టప్రకారం అది సరైన మాటే. లైసెన్సు కావలసింది కారు నడపడానికి, కారు ఉండటానికి కాదు.

మామ్మకి అప్పటికి ఎనభై దాటాయి. ఆవిడ కూడా వారసురాలే గనక అభ్యంతరం లేదని వేలిముద్ర వెయ్యాలి. అత్తాకోడళ్ళకి ముప్ఫై ఏళ్ళుగా ముందుసీటు దగ్గర నుంచి మునక్కాడల పులుసు దాకా పేచీలే. కాయితం చదివి వినిపిస్తే మామ్మ చాలాసేపు మాట్లాడలేదు. అంతా ఊపిరి బిగబట్టారు. ఆఖరికి సిరాబిళ్ళ మీద వేలు అద్దుకుంటూ, "వాడు దాన్ని తప్ప ఎవర్నీ ముందు కూర్చోబెట్టుకోలేదు. దానిది కాక ఇంకెవరిదిరా ఆ బండి?" అంది. పిన్ని లోపలికి వెళ్ళిపోయింది. బాబాయి పోయాక అత్తగారి ముందు కంటనీరు పెట్టకూడదనుకున్న మనిషి, ఆ రోజు వంటింట్లో తలుపు వేసుకుని ఏడ్చింది.

ఇంట్లో పంచాయితీ తేలింది గానీ ఆఫీసుల పంచాయితీ తేలలేదు. పేరు మార్చాలంటే అమల్లో ఉన్న బీమా తెమ్మన్నారు ఒకచోట. బీమా చెయ్యాలంటే సీ బుక్కు మీ పేరున తెమ్మన్నారు ఇంకోచోట. పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళవదు అన్నట్టు నాలుగు వారాలు తిరిగింది. చివరికి కిటికీ దగ్గర గుమాస్తా, తలెత్తకుండానే కాయితాలు తిరగేసి, "అమ్మినాయన సంతకమేదీ? ఆయన్ని తీసుకురండి" అన్నాడు.

పిన్ని నెమ్మదిగా, "ఆయన వచ్చేట్టుంటే నేనెందుకు వస్తాను బాబూ" అంది.

ఆ గుమాస్తా అప్పుడు తలెత్తి చూశాడు. ఒక్క క్షణం నోట మాట రాలేదు. లేచి బయటికి వచ్చి, పిన్నిని బెంచీ మీద కూర్చోబెట్టి, అమ్మకం ఫారం పక్కన పడేసి ఫారం 31 తెచ్చి తనే నింపాడు. బ్రేకు ఇనస్పెక్టరు దగ్గరికి కూడా తనే తీసుకువెళ్ళాడు. ఆలస్యానికి జరిమానా మాత్రం తప్పలేదు. వాళ్ళలోనూ మనుషులుంటారు, తలెత్తేదాకా తెలియదంతే.

ఇప్పుడు ఈ తిప్పలు కొంత తగ్గాయి. 2021 ఏప్రిల్‌లో కేంద్ర నియమాలు మార్చి, బ్యాంకు ఖాతాకి లాగానే కారుకి కూడా నామినీ పేరు రాసుకునే వీలు కల్పించారు. కారు కొన్నప్పుడే రాయించుకోవచ్చు, తరవాత అయినా చేర్పించుకోవచ్చు. యజమాని పోతే నామినీ పేరుకి మార్పు సులువవుతుంది, కాకపోతే ఆ 30 రోజులూ, మూడు నెలలూ నామినీకి కూడా తప్పవు. ఇంకొక సంగతి. నామినీ అయితే చాలు, అంతా మనదే అనుకోకూడదు. 1983లో సుప్రీం కోర్టు ఒక జీవిత బీమా తగవు మీద తీర్పు చెప్పింది. పోయినాయన తల్లి ఒక పక్షం, నామినీ అయిన భార్య ఒక పక్షం. నామినీ డబ్బు అందుకునే చెయ్యి మాత్రమే, వారసుల వాటాలు వారసులవేనని కోర్టు తేల్చింది. ఆ తీర్పు బీమా డబ్బు గురించే అయినా, కారు విషయంలోనూ ఇంట్లోవాళ్ళందరి మాటా తీసుకోవడమే మంచిది. మా మామ్మలాంటి అత్తగారు అందరికీ ఉండదు కదా!

కనక ఈ వారం ఒక పని చెయ్యండి. మీ వారు పేపరు చదువుతున్నప్పుడు కాఫీ చేతికిచ్చి, కారు బీమా ఏ తేదీకి తీరుతుందో, కాయితాలు ఎక్కడ పెట్టారో, నామినీ గడిలో ఎవరి పేరుందో అడగండి. "అశుభం పలుకుతావేమిటి?" అంటారు. అననివ్వండి. ఎల్.ఐ.సి. పాలసీ కట్టినప్పుడు లేని అశుభం కారు దగ్గర ఎక్కణ్ణుంచి వచ్చింది? అలాగే మీ పుట్టింటి నుంచి సంతకానికి కాయితం వస్తే, పెట్టండి, పెట్టవద్దనను. కాకపోతే చదివి పెట్టండి.

పిన్ని పేరున మారాక ఆ అంబాసిడరు ఇంకా పదకొండేళ్ళు నడిచింది. నడిపింది ఎవరనుకున్నారు? మా చెల్లెలు. సెలవులకి పుట్టింటికి వచ్చినప్పుడల్లా తాళంచెవులు పిన్నే తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టేది. తను మాత్రం ఎప్పటిలాగే ముందుసీటులో, ఎడమవైపు, కిటికీ అద్దం సగం దించి కూర్చునేది. ఆ కారు చివరికి పాతసామాన్లవాడికి వెళ్ళిపోయింది. సీ బుక్కు నకలొకటి మాత్రం పిన్ని ట్రంకుపెట్టెలో, పట్టుచీరల అడుగున ఇప్పటికీ ఉంది. మొదటి పేజీలో బాబాయి పేరు. తిప్పితే రెండో పేజీలో పిన్ని పేరు, పక్కన గుండ్రటి ముద్ర. శుభలేఖ మీద తప్ప వాళ్ళిద్దరి పేర్లూ కలిపి ఉన్న కాయితం తన దగ్గర అదొక్కటేనంటుంది పిన్ని.